ఈ వయసులో కీమో తట్టుకుంటారా?

ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువగా పెద్ద వయసులోనే బయటపడుతుంది. అయినా 75 ఏళ్ల మనిషికి ఈ జబ్బని తేలగానే ఇంట్లోవాళ్ల మొదటి అనుమానం, "ఈ వయసులో కీమో తట్టుకుంటారా?" అని. అడగాల్సిన ప్రశ్నే. జవాబు మాత్రం పుట్టినతేదీలో దొరకదు.

అందుకే డాక్టర్లు కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కి వచ్చి కూర్చోమంటారు. 12 సెకన్లు పట్టిందంటే పడిపోయే ముప్పు ఉన్నట్టే. బరువు తగ్గారా, స్నానం సొంతంగా చేస్తారా, దిగులుగా ఉంటున్నారా, ఆస్పత్రికి తోడెవరు అనీ ఆరా తీస్తారు. జీరియాట్రిక్ అసెస్‌మెంట్, అంటే పెద్దవాళ్ల శక్తిసామర్థ్యాలను అంచనా వేయడం, ఇదే. స్కానింగుల కాలంలో ఇదేం పరీక్ష అనిపించవచ్చు. రకరకాల క్యాన్సర్లు ముదిరిన, 70 దాటిన 718 మందిపై అమెరికాలో జరిగిన అధ్యయనం 2021లో వెలువడింది. ఈ వివరాలు డాక్టర్లకు అందినచోట తీవ్ర దుష్ప్రభావాలు 51 శాతం మందిలో కనిపించాయి, అందనిచోట 71 శాతం మందిలో. మోతాదు తగ్గించి మొదలుపెట్టినవాళ్లు ఎక్కువైనా, ఏడాది పాటు బతికినవారి లెక్కలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

రక్తపరీక్ష ఒక్కోసారి మోసం చేస్తుంది. కిడ్నీల పనితీరు తెలుసుకోడానికి చూసే క్రియాటినిన్ అనే వ్యర్థం పుట్టేది కండరాల్లో. కండ కరిగిపోయిన పెద్దాయనకు కిడ్నీలు మందగించినా రిపోర్టులో అది నార్మల్‌గానే కనిపించవచ్చు. కార్బోప్లాటిన్ అనే కీమో మందు మోతాదు కట్టేదేమో కిడ్నీల పనితీరును బట్టి! ఆ నార్మల్‌ను నమ్ముకుంటే మందు ఎక్కువైపోతుంది. అందుకే వాడుతున్న మాత్రలన్నీ, ముఖ్యంగా నొప్పి బిళ్లలు, డాక్టర్‌కు చూపించాలి. వాటిలో కొన్ని కిడ్నీలను దెబ్బతీస్తాయి.

అలాగని వయసు చూసి వైద్యమే మానేయడం ఇంకా పెద్ద పొరపాటు. 2011లో వచ్చిన ఫ్రెంచి అధ్యయనంలో 70 నుంచి 89 ఏళ్లవారికి రెండు మందులు కలిపి ఇస్తే సగటున 10.3 నెలలు బతికారు, ఒక్క మందుతో 6.2 నెలలు. దుష్ప్రభావాలూ ఎక్కువే, దాచక్కర్లేదు. ఈజీఎఫ్ఆర్ జన్యువులో తగిన మార్పు ఉంటే మాత్రలతోనే నడిపించవచ్చు కాబట్టి, పెద్దవాళ్లకూ జన్యుపరీక్ష అడగండి.

ఉపశమన వైద్యం, అంటే నొప్పి, ఆయాసం లాంటి బాధలను తగ్గించే వైద్యం, అనగానే చేతులెత్తేయడం అనుకుంటారు. 2010 నాటి బోస్టన్ అధ్యయనంలో క్యాన్సర్ వైద్యానికి మొదటినుంచీ దాన్ని జోడించినవారు 11.6 నెలలు బతికారు, జోడించనివారు 8.9.

ఇంతకీ ఆయనకేం కావాలో ఎవరైనా అడిగారా? ఒకరికి ఇంకొన్ని నెలలు ముఖ్యం, మరొకరికి ఎవరి సాయం లేకుండా బాత్రూమ్‌కి వెళ్లగలగడం. ఏ మందు ఇవ్వాలో తేల్చేముందే ఆ మాట తెలియాలి. చెవుడుంటే, వినికిడి యంత్రం పెట్టుకున్నాకే అడగాలి.