గుండెపోటు తర్వాత గుండె గోడ ఉబ్బితే

ఎన్యూరిజం అనగానే ఉబ్బిన రక్తనాళం ఏ క్షణంలోనైనా పగిలిపోతుందన్న భయం కలుగుతుంది. గుండెపోటు తర్వాత కొందరికి గుండె గోడలోనే ఏర్పడే ఎన్యూరిజం విషయంలో ఆ భయం చాలావరకు గురి తప్పినదే.

శరీరమంతటికీ రక్తాన్ని నెట్టే గుండె గది అయిన ఎడమ జఠరిక ముందు గోడకు, కొనభాగానికి రక్తాన్ని అందించే ధమని పూర్తిగా మూసుకుపోయి, సకాలంలో తెరుచుకోకపోతే, అక్కడి కండరం లోపలి పొర నుంచి బయటి పొర దాకా చచ్చిపోతుంది. గుండె కండరానికి తిరిగి పెరిగే శక్తి దాదాపు లేదు కాబట్టి, కొన్ని వారాల్లో ఆ చోటును నారలాంటి మచ్చ కణజాలం ఆక్రమిస్తుంది. మచ్చ గట్టిదే గాని, ముడుచుకోలేదు. మిగిలిన గోడ బిగుసుకొని రక్తాన్ని నెట్టినప్పుడల్లా ఈ పలచని భాగం వెలుపలికి ఉబ్బుతుంది. బృహద్ధమనిలోకి పోవలసిన రక్తంలో కొంత ఆ సంచిలోకే చేరుతుంది. పైగా జఠరిక సాగి పెద్దదయ్యేకొద్దీ గోడ మీద బిగువు పెరుగుతుందని లాప్లాస్ సూత్రం చెబుతుంది. ఆ భారమంతా మిగిలిన మంచి కండరం మీదే పడి, అది క్రమంగా అలసిపోయి, గుండె వైఫల్యానికి దారి తీస్తుంది.

సంచిలో రక్తం మందగించి గడ్డకట్టవచ్చు; ఆ గడ్డలో ముక్క విడివడి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. మచ్చకూ బతికిన కండరానికీ మధ్య సరిహద్దులో విద్యుత్ తరంగాలు దారి తప్పి సుడి తిరిగితే, ప్రాణాంతకమైన వేగంతో గుండె కొట్టుకుంటుంది.

నిజంగా పగిలే ప్రమాదం ఎక్కువగా ఉన్నది దీని పోలికలోనే ఉండే మరొకటి: మిథ్యా ఎన్యూరిజం. అందులో గోడ అప్పటికే చిరిగి ఉంటుంది. బయటికి వచ్చిన రక్తాన్ని గుండె చుట్టూ ఉన్న పెరికార్డియం పొర మాత్రమే ఆపుతుంది. సంచి నోరు సాధారణంగా ఇరుకుగా ఉంటుంది. నిజమైన ఎన్యూరిజానికి నోరు వెడల్పు. ఎకో, ఎంఆర్ఐ పరీక్షల్లో వైద్యులు ఈ తేడా కోసమే శ్రద్ధగా వెతుకుతారు, ఎందుకంటే మిథ్యా ఎన్యూరిజానికి సాధారణంగా శస్త్రచికిత్స అవసరమవుతుంది. ఈసీజీ గీతలో ఎస్‌టీ అనే భాగం వారాల తరబడి ఎత్తుగానే నిలిచిపోవడం ఎన్యూరిజానికి ఒక సూచన. పాత ఈసీజీ చేతిలో లేకపోతే దాన్ని కొత్త గుండెపోటుగా పొరబడవచ్చు.

శస్త్రచికిత్స వేళ గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్-లంగ్ యంత్రం సాయంతో ఈ ఉబ్బును కోసి తొలగించే శస్త్రచికిత్సను 1958లో అమెరికన్ సర్జన్ డెంటన్ కూలీ చేశారు. తర్వాత ఫ్రెంచి సర్జన్ విన్సెంట్ డోర్ లోపలినుంచి అతుకు వేసి జఠరికకు పూర్వాకృతి తెచ్చే పద్ధతిని రూపొందించారు. అయితే ముందు గోడ దెబ్బతిన్న వెయ్యిమందిపై జరిగి 2009లో వెలువడిన స్టిచ్ అధ్యయనంలో, బైపాస్‌తో పాటు జఠరికను సరిదిద్దినవారిలో దాని పరిమాణం తగ్గింది గాని, మరణాలు, గుండెజబ్బుతో ఆసుపత్రిలో చేరికలు తగ్గలేదు. అందుకే నేడు చాలామందికి గుండె వైఫల్యపు మందులు, గడ్డ ఉంటే రక్తాన్ని పలచబరిచే మందులతోనే చికిత్స సాగుతుంది. లక్షణాలు లొంగనివారికే కత్తి.