సైటోకైన్లను కలిపి కొలిచినప్పుడు

రోగనిరోధక కణాలు పరస్పరం సమాచారం పంపుకోవడానికి విడుదల చేసే చిన్న ప్రొటీన్లే సైటోకైన్లు. వాటిలో ఒకటైన ఇంటర్‌ల్యూకిన్-6 పెరిగిందని తెలిసినంత మాత్రాన శరీరంలో జరుగుతున్నదేమిటో తేలదు. దాన్ని అదుపు చేసే ఇంటర్‌ల్యూకిన్-10 కూడా పెరిగిందా, ఇంటర్‌ఫెరాన్-గామా ఏ స్థాయిలో ఉంది అన్నవీ చూడాలి. పైగా ఆరోగ్యవంతుల రక్తంలో వీటిలో చాలావాటి మోతాదు మిల్లీలీటరుకు కొద్ది పికోగ్రాములే. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు.

1971లో వెలువడిన ఎలీసా పద్ధతి, తర్వాత స్థిరపడిన రూపంలో, రెండు యాంటీబాడీల మీద ఆధారపడుతుంది. ప్లాస్టిక్ ప్లేటు గుంటలో అతికించిన మొదటిది నమూనాలోని ప్రొటీన్‌ను పట్టుకుంటే, రెండోది అదే ప్రొటీన్‌ను మరోవైపు నుంచి పట్టుకుని, ఎంజైము సాయంతో రంగు పుట్టిస్తుంది. పద్ధతి నమ్మదగినదే. కానీ గుంటకు ఒక్క ప్రొటీన్‌నే కొలవగలం, దానికే సాధారణంగా 50 నుంచి 100 మైక్రోలీటర్లు కావాలి. నెలలు నిండకుండా పుట్టిన శిశువు నుంచి తీసిన రక్తం ఇరవై సైటోకైన్లకు ఎక్కడ సరిపోతుంది?

దీనికి పరిష్కారం సూక్ష్మ పూసల్లో దొరికింది. దాదాపు ఆరు మైక్రాన్ల పాలీస్టైరీన్ పూసల్లో రెండు వర్ణకాలను పదేసి మోతాదుల్లో కలిపితే వంద రకాల పూసలు తయారవుతాయి. రకానికొక యాంటీబాడీని తగిలించి, అన్నింటినీ ఒకే గుంటలో నమూనాతో కలుపుతారు. ఆపై పూసలు ఒకదాని వెనుక ఒకటి యంత్రంలో సాగుతుంటే, ఒక లేజరు పూస ఏ రకానిదో గుర్తిస్తుంది. మరొకటి, పూస పట్టుకున్న ప్రొటీన్‌కు గుర్తుగా అంటించిన ఫైకోఎరిత్రిన్ అనే మెరిసే వర్ణకం దాని మీద ఎంతగా మెరుస్తోందో చూస్తుంది. మొదటిది పేరు చెబుతుంది, రెండోది లెక్క చెబుతుంది. రకానికి కొన్ని పదుల పూసలను చూసి, ఆ మెరుపుల మధ్యస్థ విలువను తీసుకుంటారు.

చిక్కంతా కలపడంలోనే ఉంది. ఇరవై యాంటీబాడీలు ఒకేచోట ఉన్నప్పుడు, వాటిలో ఏదైనా తనది కాని ప్రొటీన్‌కు అంటుకుంటే లేని సంకేతం పుడుతుంది. పలచన చేయడం మరో సమస్య: సి-రియాక్టివ్ ప్రొటీన్ వంటివి ఇంటర్‌ల్యూకిన్-6 కన్నా లక్షల రెట్లు ఎక్కువగా ఉంటాయి కనుక ఒకే పలచన రెండింటికీ కుదరదు. జాబితా పొడవును చూసి ప్యానెల్‌ను, అంటే కలిపి కొలిచే ప్రొటీన్ల సముదాయాన్ని, ఎంచుకోవడం, నా దృష్టిలో, తెలివైన పని కాదు. ఒక్క ప్రొటీన్ గురించే ప్రశ్న అయితే పాత ఎలీసాయే మేలు.

ప్రాక్సిమిటీ ఎక్స్‌టెన్షన్ అనే పద్ధతి మొదటి చిక్కును చాలావరకు తప్పిస్తుంది. ఇందులో యాంటీబాడీల జంటకు జత కుదిరే డీఎన్‌ఏ పోగులను తగిలిస్తారు. రెండూ ఒకే ప్రొటీన్ మీద వాలితేనే పోగులు కలిసి, పాలిమరేజ్ అనే ఎంజైము వాటిని పొడిగించగలుగుతుంది; జత కాని పోగులు పక్కపక్కన చేరినా ఫలితం ఉండదు. ఒక్క మైక్రోలీటరు నమూనా చాలు. అయితే ఫలితాలు ఎక్కువగా సాపేక్ష ప్రమాణాల్లోనే వస్తాయి, ఒక యూనిట్ తేడా అంటే రెట్టింపు అని అర్థం. అందుచేత వేర్వేరు విడతల్లో చేసిన పరీక్షలను పోల్చాలంటే రెండింటిలోనూ కొన్ని ఉమ్మడి నమూనాలు ఉంచాలి.

ఏ యంత్రమూ సరిదిద్దలేని లోపం అంతకు ముందే చోటుచేసుకోవచ్చు. తీసిన రక్తాన్ని గది ఉష్ణోగ్రతలో గంటల తరబడి వదిలేస్తే, అందులోని కణాలే ఇంటర్‌ల్యూకిన్-8ను విడుదల చేస్తూ పోతాయి. అందుకే జాగ్రత్త గల ప్రయోగశాలలు ప్లాస్మాను ఎంతసేపట్లో వేరుచేశారో, గడ్డకట్టించిన నమూనాను ఎన్నిసార్లు కరిగించారో ప్రతి గొట్టానికీ రాసిపెడతాయి.