డైనమో కాలిపోయిన ఇంజన్‌కి ఏ పని చెప్పాలి?

ఆమదాలవలసలో పాత ఇనుము కొట్టు నుంచి మా బావమరిది ఓ చిన్న జనరేటర్ సెట్టు ఆటోలో వేసుకొచ్చాడు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను ఉద్దానాన్ని ఊడ్చేసినప్పుడు రోజుల తరబడి కరెంటు లేక జనం పడ్డ అవస్థ వాడింకా మరిచిపోలేదు. తీరా విప్పి చూస్తే డైనమో వైండింగ్ మాడి మసైపోయింది. మిగిలింది 5 హెచ్‌పీ సింగిల్ సిలిండర్ డీజిల్ ఇంజన్.

"ఏటి సేద్దాం బావా దీన్ని?"

ముందు బతికుందో లేదో చూద్దామన్నాను. సిలిండర్‌లో గాలి నొక్కుకుపోకుండా వాల్వు తెరిచి ఉంచే డీకంప్రెషన్ లివర్ ఎత్తి పట్టుకుని హ్యాండిల్ తిప్పితే చక్రం సాఫీగా తిరిగింది. లివర్ వదలగానే ఒక్కచోట గట్టిగా బిగిసి, స్ప్రింగులా వెనక్కి తన్నింది. ఆ తన్నే డీజిల్ ఇంజన్‌కి నాడి. దీనికి స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని పదహారు, పదిహేడో వంతుకు నొక్కేస్తే ఆ గాలి వేడి 500 డిగ్రీలు దాటుతుంది. డీజిల్ తనంతట తాను అంటుకోవడానికి 200 డిగ్రీల పైచిలుకు చాలు. రింగులు అరిగినా, వాల్వులు కారినా ఆ నొక్కుడు ఉండదు, మంటా ఉండదు. ఆయిల్ కొలిచే పుల్ల, అదే డిప్‌స్టిక్, తీసి చూశాం. ఆయిల్ నల్లగానే ఉంది. పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు దిగాయని అర్థం, అప్పుడు కొట్టుకే తిరుగు ప్రయాణం.

సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ విప్పి స్ప్రే చూస్తుంటే వాడు కింద అరచెయ్యి పెట్టబోయాడు. చటుక్కున లాగేశాను. ఆ తుంపర సుమారు 200 అట్మాస్ఫియర్ల ఒత్తిడితో వస్తుంది, సూదిలా చర్మంలోకి దిగిపోతుంది.

ఇక పని సంగతి. వాడికి ట్రాలీ బండి చేయాలని ఆశ. నాకు నచ్చలేదు. జనరేటర్ ఇంజన్‌కి గవర్నర్ ఉంటుంది. లోడు పెరిగితే డీజిల్ పెంచి, తగ్గితే తగ్గించి, వేగాన్ని నిమిషానికి 1500 చుట్ల దగ్గర పట్టి ఉంచడమే దాని కొలువు. నాలుగు పోళ్ల (అయస్కాంత ధ్రువాల) డైనమో 50 హెర్ట్జ్ కరెంటు ఇవ్వాలంటే ఆ వేగమే కావాలి మరి. బండికి కావాల్సింది ఎక్కే తగ్గే వేగం. ఏకాగ్రత తప్ప ఏమీ తెలియని మనిషిని సంతలో బేరాలకు పంపినట్టు ఉంటుంది.

పోనీ కొత్త డైనమో కొని మళ్లీ జనరేటరే చేద్దామా అంటే, మా ఇంట్లో నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు కలిపి 200 వాట్లు. ఇది 3 కిలోవాట్ల దాకా ఇవ్వగలదు. అంత తక్కువ లోడు మీద గంటల తరబడి నడిపితే సిలిండర్ సరిగ్గా వేడెక్కదు. డీజిల్ పూర్తిగా కాలక పొగగొట్టంలో జిగురు మసి పేరుకుంటుంది. డీజిల్ ఇంజన్ కష్టపెడితే చెడదు, ఖాళీగా కూర్చోబెడితే చెడుతుంది.

ఒకే వేగం, నిండు లోడు. ఈ రెండూ ఉన్న పని, నీళ్లు తోడే పంపు నడపడం, నాగావళి గట్టు మీద ఉంది. అక్కడ వాడి పొలానికి కరెంటు లైన్ లేదు. లెక్క వేశాం. ఎత్తు, పైపు రాపిడి కలిపి 8 మీటర్లనుకుని, పంపు సగం శక్తిని వృథా చేసినా సెకనుకు 20 లీటర్ల పైనే వస్తుంది. ఎకరంలో రెండు అంగుళాల నీళ్లంటే దాదాపు రెండు లక్షల లీటర్లు, మూడు గంటల పని. గంటకు లీటరు పైచిలుకు డీజిల్. చవకేం కాదు గానీ నాట్లు ఎండిపోతుంటే ఈ లెక్క ఎవరూ వేయరు.

పంపుని మాత్రం నీటికి దగ్గరగా దించమన్నాను. గాలి ఒత్తిడి సిద్ధాంతపరంగా 10 మీటర్ల దాకా నీటిని నెట్టగలదు. నిజంలో ఆరేడు మీటర్లు దాటితే పంపు గాలి పీల్చినట్టు గగ్గోలు పెడుతుంది. చిన్న పుల్లీ వేసి పంపుని ఇంకా జోరుగా తిప్పుదామన్నాడు. వేగం 20 శాతం పెంచితే కావలసిన శక్తి 73 శాతం పెరుగుతుంది, ఇంజన్ నల్లటి పొగ కక్కుతుంది. అందుకని సమానమైన పుల్లీలే వేశాం.

కాలిన డైనమోలో రాగి ఉంది. అది అమ్మితే పంపు పైపు అడుగున నీళ్లు వెనక్కి జారకుండా ఆపే ఫుట్‌వాల్వ్ ఖర్చు వస్తుందేమోనని వాడు మళ్లీ అదే కొట్టుకి వెళ్లాడు.