ఫ్రిజ్‌లో ఒక శీతాకాలం

ఉత్తర అమెరికా తూర్పు ప్రాంతాల్లో వాగుల ఒడ్డున, చిత్తడి నేలల్లో కొన్ని అడవిపూల మొక్కలు మనిషి ఎత్తుకు పెరుగుతాయి. గులాబీ రంగు గుత్తులు వేసే స్వాంప్ మిల్క్‌వీడ్, లేత ఊదా పూల జో-పై వీడ్ అలాంటివి. రెండూ బహువార్షికాలే: చలికి పైభాగం ఎండిపోయినా వేరు బతికి, వసంతంలో మళ్లీ చిగురు తొడుగుతుంది. తేమ ఆరని తోటకు చక్కగా సరిపోతాయి. చిక్కంతా విత్తనం దగ్గరే.

ఆకులు రాలే కాలంలో నేల మీద పడ్డ గింజ వెంటనే మొలిస్తే, లేత మొక్క మంచుకు మాడిపోతుంది. అందుకే అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను మొలకను ఆపి ఉంచుతుంది. నీరు పీల్చుకున్న గింజ వారాల తరబడి చలిలో ఉంటే ఆ పట్టు సడలి, మొలకెత్తించే జిబ్బరెల్లిన్ హార్మోన్లది పైచేయి అవుతుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. విత్తనాల పొట్లాన్ని ఉన్నదున్నట్టు ఫ్రిజ్‌లో పెట్టి, పని అయిపోయిందనుకుంటారు. పొడి గింజకు ఆ చలి లెక్కలోకే రాదు! తడి ఇసుకలో కలిపి, సంచిలో వేసి, 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచాలి. పిడికిట పిసికితే ఇసుక ముద్ద కట్టాలి కానీ నీరు కారకూడదు. కారిందంటే బూజు పట్టే ప్రమాదం ఉంది. స్వాంప్ మిల్క్‌వీడ్‌కు సాధారణంగా 30 రోజులు చాలు.

జో-పై వీడ్ గింజకు చలితోపాటు వెలుతురూ కావాలి. మట్టి కప్పకుండా పైన చల్లి, అరచేత్తో అదిమితే సరి. సన్నని గింజ లోతులో మొలిస్తే పైకి చేరేలోపే దాచుకున్న తిండి అయిపోతుంది. ఇలాంటి గింజల్లో వెలుతురును పసిగట్టేది ఫైటోక్రోమ్ అనే వర్ణకం. 1952లో అమెరికాలోని బెల్ట్స్‌విల్ శాస్త్రవేత్తలు లెట్యూస్ అనే ఆకుకూర గింజల మీద ఎరుపు, దూర ఎరుపు (ఎరుపుకు అవతల, కంటికి దాదాపు కనిపించని) కాంతులను మార్చి మార్చి ప్రసరించారు. ఎన్నిసార్లు మార్చినా చివర పడిన కాంతిదే తీర్పు: ఎరుపైతే మొలక, దూర ఎరుపైతే నిద్ర.

మొదటి ఏడాది పైన పెద్దగా ఏమీ కనిపించదు, ఎదుగుదల ఎక్కువగా వేళ్లలోనే. పూలు సాధారణంగా రెండో ఏడో, మూడో ఏడో. మిల్క్‌వీడ్‌కు ఇంకో మొండితనం ఉంది. వసంతంలో పక్క మొక్కలన్నీ పచ్చబడ్డాక కూడా అది నేలలోనే ఉంటుంది. చచ్చిపోయిందనుకుని పారతో తవ్వేసేవాళ్లున్నారు, అందుకే ముందు శరదృతువులోనే పక్కన ఒక పుల్ల పాతి ఉంచాలి.