థర్మామీటర్ సున్నా దగ్గర ఆగిపోతే

“టిబెట్ పీఠభూమిలో నేల లోపలి ఉష్ణోగ్రత ఇంకా సున్నాకి కిందే ఉందట కదా, మరి కరిగిపోతోందని ఈ గోల ఎందుకు?” అని ఒక పాఠకుడు అడిగారు. గోలంతా ఆ సున్నా దగ్గరే ఉంది.

కరెంటు పోయిన ఫ్రిజ్‌ని తలచుకోండి. ఫ్రీజర్‌లో మంచు పేరుకుని ఉంది, అందులో చేప ముక్కలున్నాయి. మైనస్ 18 నుంచి సున్నా దాకా ముల్లు చకచకా ఎక్కుతుంది. అక్కడ ఆగుతుంది. గంటలు గడిచినా కదలదు, ఎందుకంటే లోపలికి వచ్చిన వేడంతా మంచును నీరు చేయడానికే సరిపోతోంది. గ్రాము మంచును ఒక డిగ్రీ వేడెక్కించడానికి అర కేలరీ చాలు. అదే గ్రాము కరగాలంటే 80 కేలరీలు కావాలి. అంటే 160 డిగ్రీలు ఎక్కించేంత వేడి ముల్లు కదలకుండానే లోపలికి పోతుంది! ఈలోగా చేపలు వాసన పట్టడం మొదలుపెడతాయి. “ఇంకా సున్నాయేగా” అనుకున్నవాళ్లు రాత్రికి ఆ పులుసే తింటారు.

దీన్నే గుప్తోష్ణం అంటూ బడిలో రెండు మార్కుల నిర్వచనంగా బట్టీ పట్టిస్తారు. అది కొండల్ని కదిలిస్తుందని ఒక్క మాష్టారూ చెప్పరు.

వరుసగా కనీసం రెండేళ్లు గడ్డకట్టే ఉన్న నేల పెర్మాఫ్రాస్ట్. టిబెట్ పీఠభూమిలో అది దాదాపు పది లక్షల చదరపు కిలోమీటర్లు. ఉత్తర సైబీరియాలో నేల మైనస్ పది దాకా చల్లగా ఉంటే, ఇక్కడ చాలాచోట్ల మైనస్ రెండు కంటే వెచ్చన. ముల్లు ఆగే చోటికి ఈ ఫ్రిజ్ దాదాపు వచ్చేసింది. బోరుబావుల్లో దింపిన థర్మామీటర్లు చల్లటి పెర్మాఫ్రాస్ట్ గబగబా వేడెక్కుతున్నట్టు, వెచ్చటిది నెమ్మదిగా వేడెక్కుతున్నట్టు చూపించడానికి కారణం ఇదే.

మట్టిలో కథ ఇంకా చిక్కన. బంకమట్టి రేణువుల్ని అంటుకున్న పలుచని నీటిపొర మైనస్ రెండులోనూ ద్రవంగానే ఉంటుంది. రేణువుల ఉపరితల ఆకర్షణ, కరిగి ఉన్న లవణాలు దాని ఘనీభవన స్థానాన్ని కిందికి దించేస్తాయి. ఇసుకలో ఆ పొర చాలా తక్కువ. ఈ నేలలో చిక్కుకున్న పాత వేళ్ల అవశేషాలను బ్యాక్టీరియా కుళ్లబెట్టాలంటే అది వదిలే ఎంజైములు వాటిని చేరాలి, ఆ పొరే దారి. మామూలుగా పది డిగ్రీలు పెరిగితే కుళ్లే వేగం రెండు మూడు రెట్లవుతుంది. సున్నాకి కాస్త కింద ఆ లెక్క పనిచేయదు. ఒకటిన్నర డిగ్రీ పెరిగితే చాలు, దారి వెడల్పవుతుంది, వేగం అంచనాలను దాటేస్తుంది.

ఆ కుళ్లు నుంచి, నీరు జారిపోయే వాలుల్లో గాలి ఆడుతుంది కాబట్టి కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. నీరు నిలిచే చిత్తడి బీళ్లలో మీథేన్ కూడా వస్తుంది. నూరేళ్ల లెక్కన చూస్తే బరువుకు బరువు మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే 27 రెట్లకు పైగా వేడి పుట్టిస్తుంది. వేసవిలో పెరిగే గడ్డి కొంత కార్బన్‌ను వెనక్కి తీసుకుంటుంది, అదీ లెక్కలో వేయాలి.

దీన్ని “కార్బన్ బాంబు” అనడం నాకు నచ్చదు. ఈ పీఠభూమి పెర్మాఫ్రాస్ట్‌లో పై మూడు మీటర్లలో ఉన్నది సుమారు 1,500 కోట్ల టన్నుల కార్బన్. బొగ్గు, చమురు, గ్యాస్ మండించి మనం ఏటా వదిలేదే దాదాపు 1,000 కోట్ల టన్నులు. పైగా కొండల్లో ఇది ఒక్కరోజులో బయటపడదు, దశాబ్దాల పాటు ఊరుతూనే ఉంటుంది.

అందుకే కార్బన్ లెక్క కట్టేవాళ్లు థర్మామీటర్ ఒక్కదాన్నే నమ్ముకోరు. నేల మీద పెట్టెలు బోర్లించి, అందులో చేరే వాయువును కొలుస్తారు. అది మొన్నటి గడ్డిదా, వేల ఏళ్ల నాటిదా అన్నది కార్బన్-14 చెబుతుంది: 5,730 ఏళ్లకు సగమయ్యే ఈ రకం కార్బన్ ఆ వాయువులో ఎంత తక్కువుంటే, ఆ కార్బన్ అంత పాతది.