ముందు ఆయిలు చల్లబడాలి, తర్వాతే చిప్పు

విజయవాడ ఆటోనగర్‌లో గేరుబాక్సు దింపడం, ఎక్కించడం రోజువారీ పని. అయితే అక్కడి చేతులకు ఎక్కువగా అలవాటైనవి క్లచ్చు తొక్కి గేరు మార్చే లారీలే. ఆటోమేటిక్ పికప్ ట్రక్కులు కొంచెం ఆలస్యంగా వచ్చాయి. మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్, 2022లో దేశంలోకి వచ్చిన టయోటా హైలక్స్ రెండింటిలోనూ ఆరు గేర్ల ఆటోమేటిక్ దొరుకుతుంది. బండి కొన్నాక చాలామందికి పుట్టే మొదటి కోరిక చిప్పు వేయించి, అంటే ఇంజను కంప్యూటరు సెట్టింగులు మార్పించి, బండి ఊపు పెంచడం. నన్నడిగితే ఆ డబ్బు ముందు గేరుబాక్సు ఆయిల్‌ను చల్లబరిచే కూలర్ మీద పెట్టాలి.

ఒక విషయం ముందే చెప్పుకోవాలి. పెద్ద లారీల్లో వస్తున్న ఏఎంటీ, ఈ ఆటోమేటిక్ ఒకటి కాదు. ఏఎంటీ అంటే మామూలు గేరుబాక్సే. క్లచ్చు తొక్కే పని, గేరు మార్చే పని మనిషి బదులు యంత్రం చేస్తుంది. నేను చెబుతున్నది టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్ గురించి.

ఇందులో ఇంజనుకూ గేర్లకూ మధ్య ఉండేది ఆయిలే. ఇంజను తిప్పే చక్రం ఆయిల్‌ను విసురుతుంది, ఆ వేగానికి ఎదురుగా ఉన్న టర్బైను అనే రెండో చక్రం తిరుగుతుంది. మధ్యలో ఉండే స్టేటరు, తిరిగొచ్చే ఆయిల్ దారి మళ్లించి బలాన్ని పెంచుతుంది. బండి కదిలే క్షణంలో టార్కు, అంటే తిప్పే బలం, దాదాపు రెండింతలు అవుతుంది. 1905లో జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ ఓడల కోసం పేటెంటు తీసుకున్న ఆలోచన ఇది.

లాభం ఊరికే రాదు. రెండు చక్రాల వేగాల్లో తేడా ఉన్నంతసేపూ శక్తి వేడిగా మారుతుంది. లోడుతో ఫ్లైఓవర్ ఎక్కుతున్న బండిలో ఇంజను 60 కిలోవాట్లు ఇస్తోందనీ, కన్వర్టరు అందులో 80 శాతమే ముందుకు పంపుతోందనీ అనుకుందాం. మిగిలిన 12 కిలోవాట్లూ ఆయిల్లోకే. రెండు కిలోవాట్ల గీజర్లు ఆరు ఒకేసారి వేసినట్టు. గేరుబాక్సులో ఎనిమిది లీటర్ల ఆయిలుంటే, చుట్టూ ఉన్న లోహం పీల్చుకునేదీ కూలరు లాగేసేదీ పక్కన పెడితే, ఒక్క నిమిషంలో 50 డిగ్రీలు పెరగడానికి ఆ వేడి చాలు. కొంత వేగం వచ్చాక లాకప్ క్లచ్ పడి రెండు చక్రాలూ కలిసి తిరుగుతాయి, ఈ నష్టం ఆగుతుంది. వారధి మీద ట్రాఫిక్‌లో పాకే బండికి ఆ అవకాశం తక్కువ.

ఆటోమేటిక్ ఆయిలుకు 80 నుంచి 95 డిగ్రీల దాకా ఇబ్బంది లేదు. ఆపైన పెరిగే ప్రతి 10, 11 డిగ్రీలకూ దాని ఆయుష్షు సగమవుతుందని మెకానిక్కులు, ఇంజనీర్లు వాడే లెక్క. ఆయిల్ ఆక్సిడైజ్ అయితే వాల్వుల మీద జిగురు పొర కడుతుంది. మరీ వేడెక్కితే రబ్బరు సీళ్లు గట్టిపడి ప్రెషర్ కారిపోతుంది. ఆటోమేటిక్‌లో పెడల్ లేకపోయినా, గేర్లను పట్టి ఉంచే క్లచ్చు ప్లేట్లు లోపల ఉంటాయి. ప్రెషర్ తగ్గితే అవి జారతాయి, జారితే ఇంకా వేడి. చివరికి మెకానిక్ డిప్‌స్టిక్ వాసన చూసి "ఆయిలు కాలిపోయింది" అంటాడు.

ఇక్కడ మన ఎండల లెక్క కూడా ఉంది. రేడియేటర్ లోపలే ఉండే కూలరు ఆయిల్‌ను, ఇంజనును చల్లబరిచే కూలెంట్ వేడి కంటే కిందికి దించలేదు. గాలి తగిలే విడి కూలరు దించగలదు. అయితే అది లాగే వేడి ఆయిలుకూ గాలికీ ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. ఆయిలు 110, గాలి 30 అయితే తేడా 80. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో గాలి 45 అయితే తేడా 65. అంటే అదే కూలరు పని ఐదో వంతు తగ్గిపోతుంది. చల్లటి దేశాల వాళ్లు సిఫారసు చేసే సైజు గుంటూరు మిర్చి యార్డుకు వేసవిలో తిరిగే బండికి చాలుతుందని నమ్మకూడదు. రేడియేటర్ కూలరును తీసేయకుండా దాని తర్వాత విడి కూలరు కలపడం మంచి పద్ధతి.

ఇక చిప్పు. క్లచ్చు ఎంత టార్కు మోయగలదనేది ప్లేట్ల ముఖాల సంఖ్య, వాటి వ్యాసార్థం, ఘర్షణ, నొక్కే ప్రెషర్ నిర్ణయిస్తాయి. ఇంజను టార్కు పెంచి వీటిని అలాగే వదిలేస్తే ప్లేట్లు జారతాయి. నాలుగు ప్లేట్ల చోట ఐదు పెడితే పట్టు 25 శాతం పెరుగుతుంది, కానీ అదే చోటులో ఇరికించాలంటే ప్లేట్లు పల్చబడాలి. పల్చటి స్టీలు ప్లేటు తక్కువ వేడినే తట్టుకుంటుంది. ప్రెషర్ పెంచడం సులువు. గేరు చటుక్కున పడుతుంది, ప్లేట్లు జారే సమయం తగ్గుతుంది. మితంగా పెంచితే ఇది ఆయుష్షుకూ మంచిదే. మరీ పెంచితే గేరు మారిన ప్రతిసారీ షాఫ్టులకు దెబ్బ తగులుతుంది.

గేరు మారే ఆ అర సెకనులో ప్లేట్ల మీద భారం పడకుండా కంప్యూటరు ఇంజను టార్కును కావాలనే తగ్గిస్తుంది. చిప్పు వేసే కొందరు ట్యూనర్లు "ఫీల్" కోసం దీన్ని తీసేస్తారు. నా దృష్టిలో అది బండికి చేసే అన్యాయం. హైలక్స్‌లో ఒకే ఇంజనుకు మాన్యువల్ అయితే 420, ఆటోమేటిక్ అయితే 500 న్యూటన్ మీటర్లు కంపెనీయే ఇచ్చింది. ఆటోమేటిక్ అంటే నాజూకు అనుకోనక్కర్లేదు, అది కోరే రక్షణ ఇస్తే చాలు. మార్పులు చేయించేవాళ్లు వారంటీ షరతులనూ, బండిలో మార్పుల గురించి చెప్పే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌నూ ఒకసారి చూసుకోవాలి.

కొత్త ఆయిలు పోశాకే గేరుబాక్సు పోయిందని చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. చాలాసార్లు జరిగేది ఏమిటంటే, గేర్లు జారడం మొదలయ్యాకే ఆయిలు మార్చారు. అప్పటికే ప్లేట్లు అరిగిపోయాయి. "లైఫ్‌టైమ్ ఆయిల్", అంటే ఎప్పటికీ మార్చనక్కర్లేదు అన్న మాటను మన ఎండల్లో, మన లోడుతో నేనైతే నమ్మను. మాన్యువల్‌లో చెప్పిన గ్రేడే పోయాలి, ఎందుకంటే ప్లేట్లు ఎంత పట్టాలో నిర్ణయించే రసాయనాలు ఆ గ్రేడులోనే ఉంటాయి. లెవెల్ కూడా కంపెనీ చెప్పిన వేడి దగ్గర, సాధారణంగా ఇంజను నడుస్తుండగానే చూడాలి. ఆయిలు వేడికి ఉబ్బుతుంది కాబట్టి చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా కనిపించిన లెవెల్, వేడెక్కాక ఎక్కువై నురగ పడుతుంది. నురగను పంపు సరిగా నెట్టలేదు, మళ్లీ ప్రెషర్ పడిపోతుంది.