గ్యాస్ బావి, ఊరి నీరు: ఫ్రాకింగ్ చట్టాల పూర్వాపరాలు

తాగునీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ వ్యాధిని మన దేశంలో వైద్యులు తొలిసారిగా గుర్తించి 1937లో లోకానికి తెలియజేసింది దర్శి, పొదిలి ప్రాంతాల నుంచే. అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉన్న ఆ తాలూకాలు 1970లో ప్రకాశం జిల్లాలోకి వచ్చాయి. ఆ ఫ్లోరైడ్‌ను ఎవరూ భూమిలో కలపలేదు. అది రాతిలోనే ఉండి నీటితో పాటు పైకి వచ్చింది. షేల్ అనే పొరల రాతిలో చిక్కుకుని ఉండే షేల్ గ్యాస్‌కు అవకాశం ఉన్నట్టు ప్రభుత్వం గుర్తించిన ప్రాంతాలలో కృష్ణా-గోదావరి బేసిన్ ఒకటి కాగా, దాని దక్షిణపు కొస ఒంగోలు దాకా వస్తుంది. అందువల్ల ఫ్రాకింగ్ నియంత్రణ చరిత్ర ఇక్కడివారికి దూరపు సంగతి కాదు.

బావిలోకి నీరు, ఇసుక, రసాయనాలను తీవ్రమైన ఒత్తిడితో పంపి, రాతిని చీల్చి గ్యాస్‌ను రాబట్టడమే ఫ్రాకింగ్. అమెరికాలో 1947లో దీనిని తొలిసారి ప్రయోగించి చూశారు. అక్కడి పర్యావరణ సంస్థ లెక్క ప్రకారం ఒక్కో బావికి మధ్యస్థంగా 57 లక్షల లీటర్ల నీరు పట్టింది. అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు వెయ్యికి పైమాటే. వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టే ఊళ్లవారికి ఈ లెక్కను విడమరచి చెప్పనక్కరలేదు. తిరిగి పైకి వచ్చే నీరు రసాయనాలతో పాటు లోతు రాతిలోని ఉప్పును, లోహాలను కూడా మోసుకొస్తుంది.

చట్టపరమైన వివాదం అమెరికాలోని అలబామా రాష్ట్రంలో మొదలైంది. అమెరికా 1974 నాటి సురక్షిత తాగునీటి చట్టం ఫ్రాకింగ్‌కు కూడా వర్తిస్తుందని 1997లో ఫెడరల్ అప్పీలు కోర్టు తేల్చింది. ఎనిమిదేళ్లకు, 2005 ఇంధన విధాన చట్టం డీజిల్ వాడకాన్ని మినహాయించి మిగతా ఫ్రాకింగ్‌ను ఆ నియంత్రణ నుంచి తప్పించింది. ఫ్రాకింగ్ చేసే హాలిబర్టన్ కంపెనీ పేరిట విమర్శకులు దీనినే 'హాలిబర్టన్ సందు' అంటారు. కోర్టు మూసిన తలుపును చట్టసభ తెరిచిందనడమే నిజానికి దగ్గరగా ఉంటుంది. ఫ్రాన్స్ 2011లో ఫ్రాకింగ్‌ను పూర్తిగా నిషేధించింది.

మన దేశంలో ఫ్రాకింగ్‌కంటూ ప్రత్యేక పర్యావరణ చట్టం లేదు. 2013 అక్టోబరులో కేంద్రం షేల్ గ్యాస్ విధానాన్ని ప్రకటించి, ఓఎన్‌జీసీ, ఆయిల్ ఇండియా సంస్థలకు తమ పాత క్షేత్రాలలో అన్వేషణకు అనుమతినిచ్చింది. 2018లో ప్రైవేటు కాంట్రాక్టర్లకూ దారి తెరిచింది. 1948 నాటి చమురు క్షేత్రాల చట్టాన్ని 2025లో సవరించి, షేల్ గ్యాస్‌ను దాని పరిధిలోకి స్పష్టంగా చేర్చారు. గ్యాస్ తీయడానికి సంబంధించిన చట్టం ఇలా వెంటవెంటనే మారుతూ వచ్చింది. నీటి విషయంలో మాత్రం 1974 నాటి నీటి కాలుష్య చట్టం, 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం, 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు ప్రకటన, ఈ మూడే ప్రధాన ఆధారం.

ఆ ప్రకటనకు 2020 జనవరిలో తెచ్చిన సవరణ చమురు, గ్యాస్ అన్వేషణను తక్కువ పరిశీలనతో అనుమతి దొరికే బీ2 శ్రేణికి మార్చింది. దానితో అన్వేషణ దశకు ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేకుండా పోయింది. అదే మన ఆంధ్రప్రదేశ్‌లో రైతు బోరు వేయాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి తీసుకోవాలి. ఉత్పత్తి దశకు పూర్తిస్థాయి మదింపు ఇప్పటికీ ఉంది. అయితే షేల్ రాతిలో గ్యాస్ ఎంత వస్తుందో తేల్చుకోవాలంటే అన్వేషణ బావిలోనే ఫ్రాకింగ్ చేసి చూడాలి కనుక, ఊరివారిని అడిగే సమయానికి ఆ పని ఒకసారి జరిగిపోయి ఉంటుంది.